పక్క సీటు సాక్ష్యం

కుండ కొనే ఆడవాళ్ళని ఎప్పుడయినా గమనించారా? ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని, కుడిచేతి వేలు మడిచి, కణుపుతో ఒక్కటి కొడతారు. కంగుమని మోగితే బేరం మొదలు. బొంగురుగా పలికితే, పైకి ఎంత నున్నగా వున్నా సరే, కిందపెట్టేసి ఇంకోటి తీస్తారు. కుమ్మరి ఎన్ని కబుర్లు చెప్పినా ఆ చెవి వినిపించుకోదు. అది కుండ మాటే వింటుంది.

వాడిన కారు కొనేముందు ఓసారి నడిపి చూడటం కూడా అచ్చంగా ఇదే పని. టెస్ట్ డ్రైవ్ అంటారు దాన్ని. మన నవలల్లో పెళ్ళిచూపుల ఘట్టం ఎలాంటిదో, అమెరికా వాళ్ళ కథల్లో పాతకారు బేరం అలాంటిది. పెళ్ళిచూపులు ఎలా రాశారో చూస్తే మన రచయిత సత్తా ఎంతో తెలిసిపోతుంది కదా! పాతకారు బేరం ఎలా రాశారో చూసి అమెరికన్ రచయితని కూడా అలాగే అంచనా వెయ్యొచ్చునని నా అభిప్రాయం. అందులోనూ అది స్పోర్ట్స్ కారయితే మరీను. బియ్యం బస్తా వేసుకోవటానికి చోటుండదు. అత్తగారిని కూర్చోబెట్టటానికి సీటుండదు. అవసరానికని ఎవరూ కొనరు దాన్ని, మోజుపడి కొంటారు. మోజు వున్నచోట చెవి పనిచేస్తుందా? ఇదీ నా ప్రశ్న.

ముందు ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. అమెరికా స్పోర్ట్స్ కారు అనగానే చాలామంది నోట వచ్చే పేరు షెవర్లే కార్వెట్. 1953లో మొదలయింది. ఆ ఏడాది తయారయినవి 300 మాత్రమే. అన్నీ తెల్లవే, లోపల సీట్లన్నీ ఎర్రవే. ఒంటిని ఇనపరేకుతో కాకుండా ఫైబర్ గ్లాసుతో చేశారు. ఫైబర్ గ్లాసుకి తుప్పు పట్టదు. అందుకని పాత కార్వెట్‌కి ఓ పూట రంగువేసి తుడిస్తే చాలు, నిన్నగాక మొన్న పుట్టినట్టు నిగనిగలాడుతుంది.

అసలు తిరకాసంతా అక్కడే వుంది. ఆ ఒంటి కింద వున్న చట్రం ఉక్కుది. ముందద్దం చుట్టూ, తలుపుల చుట్టూ అల్లిన ఉక్కు కట్టుని అక్కడి మెకానిక్కులు పక్షిపంజరం అని పిలుస్తారు. వానకి తడిసి, నీళ్ళు లోపలికి దిగి, తుప్పు పట్టేది ఆ పంజరానికి. చర్మం మిలమిల్లాడుతూనే వుంటుంది, ఎముక గుల్లబారిపోతుంది. అద్దం చుట్టూ వున్న పట్టీ ఊడదీసి చూస్తేగాని ఆ సంగతి తెలీదు.

ఇంకో తమాషా. 1968 నుంచి 1982 దాకా వచ్చిన కార్వెట్లకి హెడ్‌లైట్లు పగలంతా లోపల దాక్కుని వుంటాయి. స్విచ్చి లాగితే, ఇంజను గాలిని పీల్చే జోరుతో పైకి లేస్తాయి. ఆ గాలి వెళ్ళే రబ్బరు గొట్టాల్లో ఎక్కడో ఓ చోట చిల్లి పడిందనుకోండి, ఒక దీపం ముందు లేస్తుంది, రెండోది తాపీగా లేస్తుంది, చూసేవాడికి కన్నుగీటినట్టుంటుంది! మోజుపడ్డవాడు ఆ కన్నుగీటటం చూసి మురిసిపోతాడు. తెలిసినవాడు వెయ్యి డాలర్లు తగ్గించమంటాడు. 1981 దాకా వీటికి డిక్కీ తలుపే లేదు. సామానంతా సీట్ల వెనకనించి దూర్చాలి. పోనీ జోరయినా వుందా అంటే, పొగమీద ఆంక్షలొచ్చిన రోజుల్లో, 1975 మోడలు మామూలు ఇంజనుకి బలం 165 గుర్రాలే. రూపు పులిది, పరుగు అంతంతమాత్రం.

పైకి వయసు కనిపించని వస్తువు, లోపల మాత్రం వయసంతా దాచుకున్న వస్తువు. నవలలు రాసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? మరి రాసినవాళ్ళు ఏంచేశారో చూద్దాం.

పాతకార్ల బేరానికి అమెరికన్ సాహిత్యంలో పెద్దబాలశిక్ష లాంటిది జాన్ స్టైన్‌బెక్ రాసిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలలో ఏడో అధ్యాయం. 1939లో వచ్చిందా నవల. స్పోర్ట్స్ కార్ల కథ కాదది. పొలాలు పోగొట్టుకుని, పొట్ట చేతపట్టుకుని కాలిఫోర్నియాకి వలసపోయే రైతుల కథ. ఈ అధ్యాయంలో మాత్రం కథానాయకులెవరూ కనిపించరు. పాతకార్ల కొట్టు నడిపేవాడి గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ముక్కముక్కలుగా, ఊపిరి తిరక్కుండా, తన కుర్రాళ్ళకి పని పురమాయిస్తూ వుంటాడు. గేర్లు గోల చెయ్యకుండా రంపప్పొట్టు పొయ్యమంటాడు. వచ్చినవాళ్ళని కారెక్కించి కూర్చోబెట్టమంటాడు. ఒకరి టైము తినేశామన్న మొహమాటం పుడితే వాళ్ళింక ఒట్టి చేతులతో వెళ్ళలేరట! అన్నిటికన్నా నన్ను ఆపేసినది ఇంకొకటుంది. ఇంటావిడ మొహం కనిపెట్టి వుండమంటాడు. ఆవిడకి నచ్చిందా, ఇంక మొగుడి పని పట్టటం ఎంతసేపు అని వాడి లెక్క.

చూశారా! స్టీరింగు ముందు కూర్చున్న మగవాడు తానే నిర్ణయిస్తున్నాననుకుంటాడు. అమ్మేవాడి చూపు మాత్రం పక్కన నిలబడ్డ మనిషి మీద వుంటుంది. ఒక్క మాటలో స్టైన్‌బెక్ ఎంత సంసారం చెప్పేశాడు!

అదే నవలలో జోడ్ కుటుంబం ఓ పాత హడ్సన్ కొంటుంది. దాన్ని కోసి లారీలా చేసుకుని, ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. నడిపేది పదహారేళ్ళ కుర్రాడు ఆల్. పక్కన తల్లి కూర్చుని వుంటుంది. ఆల్ ఒళ్ళంతా చెవులు చేసుకుని ఇంజను చప్పుడు వింటూ వుంటాడు. బండి ఎంపిక తనది. ఎడారి మధ్యలో ఆగిపోతే ముసలివాళ్ళూ చంటిపిల్లలూ ఏమైపోతారోనన్న భయమూ తనదే. కుర్రాడి కొంటెతనమంతా ఆ వినటంలో అణిగిపోతుంది. అవసరానికి చెవులుంటాయని రచయిత మనకి వేరే చెప్పడు. ఆ పిల్లవాడి వంగిన వీపు చూపిస్తాడు, అంతే.

అక్కణ్ణించి 1978లో వచ్చిన ‘కార్వెట్ సమ్మర్’ సినిమాకి వద్దాం. ‘స్టార్ వార్స్’తో పేరొచ్చిన మార్క్ హామిల్ మరుసటి ఏడాది చేసిన సినిమా. స్కూల్లో చదివే కుర్రాడు తుక్కులోకి పోబోతున్న కార్వెట్‌ని కాపాడి, తోటి పిల్లలతో కలిసి వర్క్‌షాపు క్లాసులో బాగుచేస్తాడు. మంటలు చిమ్మే ఎర్రరంగు వేస్తాడు. కారు దొంగల పాలవుతుంది. దాన్ని వెతుక్కుంటూ లాస్ వేగాస్ వెళతాడు. కథ తేలికపాటిదే, రంగులూ హంగులూ ఎక్కువే. కానీ ఒక్క మలుపు నన్ను కదిలించింది. ఆ దొంగతనం వెనక వున్నది తనకి పాఠం చెప్పిన మాస్టారే! ఆ కారులో ప్రతి నట్టూ వాడికి తెలుసు, తన చేత్తో బిగించాడు కనక. రోజూ పక్కన నిలబడి రెంచి అందించిన మనిషి మాత్రం తెలియలేదు. యంత్రాన్ని పరీక్షించటం నేర్చుకున్నవాడికి మనిషిని పరీక్షించటం రాలేదన్నమాట. దర్శకుడు ఆ సంగతిమీద ఇంకో పది నిమిషాలు నిలబడివుంటే మంచి సినిమా అయ్యేది. కారు మీద వున్న ప్రేమ చేత మళ్ళీ పరుగులే తీయించాడు.

ఈ విషయం కథకులకన్నా ముందు ఓ అర్థశాస్త్రజ్ఞుడు సూటిగా చెప్పేశాడంటే నమ్ముతారా? జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆయన 1970లో ‘నిమ్మకాయల బజారు’ గురించి ఓ వ్యాసం ప్రచురించాడు. అమెరికాలో నిమ్మకాయ అంటే మోసపోయి కొన్న పనికిమాలిన కారు అని అర్థం. (మనం నిమ్మకాయల్ని కొత్తకారు చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం. వాళ్ళు కారునే నిమ్మకాయ అంటారు. దిష్టి ఎవరిదైనా ఒకటే!) కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు అనుమానించి తక్కువ ధర చెబుతాడు. ఆ ధరకి మంచికారున్నవాడు అమ్మడు, ఇంటికి పోతాడు. బజారులో చివరికి నిమ్మకాయలే మిగులుతాయి. ఇదీ ఆయన వాదం. ఇంత మామూలు సంగతికి వ్యాసమెందుకని కాబోలు, మూడు పత్రికలు తిప్పి పంపించాయి. ఆ వ్యాసంతో మొదలయిన ఆలోచనకే 2001లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది.

అంటే పాతకారులో అసలు విషయం కారులో లేదు, అమ్మేవాడి దగ్గర వుంది. మరి టెస్ట్ డ్రైవ్ చేసి ఏం లాభం? ఇది పుస్తకాలతో తేలే ప్రశ్న కాదు కనక, కళ్ళారా చూసిన ముచ్చటొకటి చెప్పి మళ్ళీ పుస్తకాల్లోకి వస్తాను.

2023లో నేను హ్యూస్టన్‌లో మా చెల్లెలి కొడుకింట్లో వున్నాను. కాలేజీ రోజులనించీ వాడికి కార్వెట్ పిచ్చి. 1978 మోడలు ఒకటి అమ్మకానికి వుందని తెలిసి, భార్యనీ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఓ ముసలి దంపతుల ఇల్లు. కారుకి వున్నవి రెండే సీట్లాయె! మావాడూ, ఆ పెద్దాయనా ఎక్కి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళం ముగ్గురం వరండాలో మిగిలాం. ఆవిడ చల్లటి టీ ఇచ్చింది.

మా కోడలు ఏమీ తెలియనట్టు అడిగింది, “ఇంత ముద్దుగా చూసుకున్నారు కదా, ఎందుకమ్ముతున్నారు?” అని.

ఆవిడ తన మోకాలు చూపించింది. ఆపరేషను అయిందట. ఆ సీటు నేలకి జానెడెత్తున వుంటుంది, దిగి కూర్చోలేకపోతోందట. “పక్కసీటు ఖాళీగా పెట్టుకుని నడపనంటాడీయన” అంది. అని లోపలికి వెళ్ళి ఓ నోటుపుస్తకం తెచ్చింది. మనింట్లో చాకలిపద్దు రాసుకున్నట్టు ఏళ్ళ తరబడి ఆయిలు మార్చిన తేదీలు, రబ్బరు గొట్టాలు వేయించిన తేదీలు, అన్నీ ఆవిడ చేతిరాతే. మా కోడలు తలొంచుకుని పేజీలు తిప్పి, 2017 దగ్గర ఆగింది. ఆ ఏడాది ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని ముంచేసింది. నీళ్ళలో మునిగిన కార్లెన్నో ఆ తరవాత తుడుచుకుని బజారు కొచ్చాయి. “అప్పుడెక్కడుంది కారు?” అనడిగింది. ఆస్టిన్‌లో కొడుకింట్లో వుందట. ఆ సంగతీ పుస్తకంలో వుంది, కొడుకింటి దగ్గర వేయించిన కొత్త టైర్ల లెక్కతో సహా.

ఇరవై నిమిషాలకి మావాడు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. “పెద్దమ్మా, పిక్కప్ ఎలా వుందనుకున్నావ్!” అన్నాడు. కారు గురించి వాడు తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటే. వరండాలో కదలకుండా కూర్చున్న మా కోడలికి దాని జాతకమంతా తెలిసింది.

కొన్నారా అని అడుగుతారు మీరు. కొనలేదు. ఏడేళ్ళ మనవరాలిని కూర్చోబెట్టటానికి మూడో సీటు లేదు మరి. కారులో లోపమేమీ లేదు. ఆ మాట మా కోడలే చెప్పింది వాడికి, వాడు దిగులుపడకుండా.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న నవల దగ్గరికొస్తాను. స్టీఫెన్ కింగ్ రాసిన ‘క్రిస్టీన్’, 1983. దయ్యాల కథలంటే మొహం చిట్లించేవాళ్ళు కూడా దీన్ని ఓసారి చదవొచ్చు. ఇందులోది కార్వెట్ కాదు, 1958 ప్లీమత్ ఫ్యూరీ. ఆ కాలంలో కుర్రకారు వేగానికి చెప్పుకున్న బండి. పెన్సిల్వేనియాలో ఓ చిన్న ఊరు. ఆర్నీ అనే కుర్రాడు మొటిమల మొహంతో, అందరిచేతా ఏడిపించబడుతూ బతుకుతూ వుంటాడు. 1978 వేసవిలో ఓ సాయంత్రం స్నేహితుడు డెన్నిస్ కారులో పని నుంచి ఇంటికొస్తూ, ఓ ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన ఈ కారుని చూసి, ఆపమని కేకలు పెడతాడు. అద్దం పగిలి వుంది, కింద ఆయిలు మడుగు కట్టింది. లెబే అనే ముసలివాడు 250 డాలర్లంటాడు. డెన్నిస్ వద్దని మొత్తుకుంటాడు. ఆర్నీ బయానా ఇచ్చేస్తాడు. రోడ్డెక్కించి చూసే ప్రసక్తే లేదు. తనకి ప్రేమ పుట్టాక వస్తువుని పరీక్షించటం అవమానమనుకునే కుర్రతనం అది. కింగ్ ఈ ఘట్టాన్ని ఎంత బాగా రాశాడో చెప్పలేను. కార్లు తెలిసినవాళ్ళు ఈ నవలలో ఓ తప్పు పట్టారు. ఆ ఏడాది ఫ్యూరీకి రెండే తలుపులట, కింగ్ నాలుగు పెట్టాడట. పెట్టనివ్వండి. మనిషి మోజుకి ఎన్ని తలుపులో ఆయన సరిగ్గా లెక్కపెట్టాడు.

ఎందుకింత బాగుందంటే, ఆ కథ చెబుతున్నది ఆర్నీ కాదు, డెన్నిస్. పక్కన నిలబడి, జరిగేది చూస్తూ, ఆపలేకపోయిన మనిషి. స్టైన్‌బెక్‌లో అమ్మేవాడు ఓరకంట కనిపెట్టిన ఆ పక్కమనిషికి కింగ్ కథ చెప్పే అధికారమే ఇచ్చాడు. కానీ నవల మధ్యభాగానికి వచ్చేసరికి డెన్నిస్‌ని ఫుట్‌బాల్ దెబ్బతో ఆసుపత్రిలో పడుకోబెట్టి, కథని తనే చెప్పటం మొదలెడతాడు. అక్కడినించి కారు వేగం పెరుగుతుంది, నవల బలం తగ్గుతుంది. చావులన్నీ మనకి కనిపిస్తాయి, ఒక్కటీ గుండెకి తగలదు. ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలియకపోతే భయం కూడా అద్దెకి తెచ్చుకున్నట్టే వుంటుంది. చివరి భాగంలో డెన్నిస్ గొంతు మళ్ళీ వచ్చాకే నవల తేరుకుంటుంది.

నాకు పెద్ద ఫిర్యాదు మాత్రం ఇంకోచోట వుంది. లెబే ఎవరు? జీవితమంతా లోకంమీద కోపంతో రగిలిన మనిషి. అతని చిన్నకూతురు ఆ కారు ప్రయాణంలోనే గొంతులో ముద్ద అడ్డుపడి పోయింది. ఆ తరవాత భార్య ఆ కారులోనే కూర్చుని, పొగ లోపలికి పెట్టుకుని ప్రాణం తీసుకుంది. అయినా అతను కారుని వదిలించుకోలేదు. ఈ సంగతులు డెన్నిస్‌కి లెబే తమ్ముడివల్ల తెలుస్తాయి, అప్పటికి లెబే కూడా పోయాడు. బేరం జరిగిన రోజున అద్దం చూశారు, ఆయిలు చూశారు, ధర చూశారు. ఈ కారులో నీ పక్కసీట్లో ఎవరు కూర్చునేవారు, వాళ్ళిప్పుడెక్కడున్నారు అని ఒక్కరూ అడగలేదు. తరవాత ఆర్నీ ప్రేమించిన పిల్ల లీ కూడా ఆ పక్కసీట్లోనే గొంతు పట్టేసి చావబోతుంది. దారిలో ఎక్కించుకున్న ముక్కూమొహం తెలియని కుర్రాడు కాపాడతాడు. పక్కన కూర్చున్న ప్రియుడు కాదు. ఇంక ఆ కారెక్కనంటుందామె. నవలలో మొదటి టెస్ట్ డ్రైవ్ చేసింది ఆమేనని నేనంటాను. స్టీరింగు ముట్టుకోకుండానే కారు స్వభావం పట్టేసింది.

నవలలో దుర్మార్గమంతా లెబే కోపానిది. మగవాడి కోపం ఇల్లు దాటి, చావు దాటి, కొనుక్కున్న కుర్రాడి ఒంట్లోకి దిగుతుంది. ఎంత నిజమైన ఊహ! ఆ నిజాన్ని కింగ్ చివరిదాకా మొయ్యలేకపోయాడు. కారుకి ఆడపేరు పెట్టి, సవతిలా అసూయ నేర్పించి, ప్రియురాలిమీదకి ఉసికొల్పాడు. చదివేవాడికి గుర్తుండేది అసూయపడే ఆడకారే. భార్యనీ కూతురినీ పోగొట్టుకున్నాక కూడా కారునే అంటిపెట్టుకున్న మొగుడు వెనక్కి వెళ్ళిపోయాడు. అదే ఏడాది జాన్ కార్పెంటర్ తీసిన సినిమాలో ఆ కాస్తా కొట్టుకుపోయింది. అందులో కారు 1957లో ఫ్యాక్టరీలో తయారవుతుండగానే ఓ మనిషిని బలి తీసుకుంటుంది. పుట్టుకతోనే చెడ్డది! ఇంక లెబే చేసినదేముంది? మగవాడి నేరం మాఫీ, ఆడపేరున్న ఇనుముకి శిక్ష.

ఆఖరికి కారుని ముద్దముద్దగా నలగ్గొట్టి, పీడ విరగడయిందని ఊపిరి పీల్చుకుంటారు. లెబే భార్య కోసం, ఆ చిన్నపిల్ల కోసం ఒక్క పేజీ ఎక్కువ రాసివుంటే ఈ నవల ఎక్కడో వుండేది. వాళ్ళిద్దరూ ఆ కారులో తిరిగారు. ఎప్పుడు ఏ చప్పుడు చేసిందో, నడిపే మనిషి చేతులు ఎప్పుడు బిగుసుకున్నాయో వాళ్ళకి తెలుసు. అంత పెద్ద నవలలో నోరు విప్పనిది వాళ్ళిద్దరే.